ట్యూబు మళ్లీ కలిపించుకున్నాను: ఎంతయింది, ఏమైంది

వ్యాసెక్టమీ చేయించుకున్న రోజు నాకు బాగా గుర్తు. పిల్లలు పుట్టకుండా మగవాళ్లకి వీర్యకణాలు వచ్చే ట్యూబును రెండు పక్కలా కోసేసే ఆపరేషన్ అది. ఇరవై నిమిషాల పని. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో ఉన్నాను. అప్పుడు నా వయసు 31. ఇద్దరు పిల్లలు, ఇక చాలనుకున్నాం. సంతకం పెట్టించుకునే ముందు డాక్టర్ "ఇది శాశ్వతం అనుకునే చేయించుకోండి, కావాలంటే తర్వాత కలిపించుకోవచ్చులే అన్న ధీమాతో మాత్రం వద్దు" అని రెండుసార్లు చెప్పారు. నేను తలూపాను. తలూపడానికి ఖర్చేముంది?

పదేళ్ల తర్వాత అదే ట్యూబును కలపడానికి మూడున్నర గంటలు పట్టింది. ఈ మధ్యలో నా మొదటి పెళ్లి ముగిసిపోయింది. పిల్లలిద్దరూ వాళ్లమ్మ దగ్గర ఉంటారు, సెలవులకి నా దగ్గరికి వస్తారు. 41వ ఏట మళ్లీ పెళ్లి చేసుకున్నాను. ఆమెకి అప్పుడు 36. ఆపరేషన్ సంగతి పెళ్లికి ముందే చెప్పాను, "అది కలపొచ్చట" అని కూడా నేనే అన్నాను. ఆ 'అట' వెనక ఎంత ఉందో అప్పటికి నాకు తెలియదు.

డబ్బు గురించి రాయాలని కూర్చున్నాను గానీ అంకెలు వేయను. చోటుని బట్టీ, ఏడాదిని బట్టీ, చేసే చేతిని బట్టీ అవి మారిపోతాయి. నా నెల జీతాన్నే కొలతగా పెట్టుకుంటాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవడానికి అదే నయం.

మేం ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్లాం. మొదటాయన సర్జన్. నన్ను పడుకోబెట్టి, చేత్తో తడిమి చూసి, "కలిపేద్దాం, గంట పని" అన్నారు. చెప్పిన మొత్తం నా నెలన్నర జీతం. బయటికి వస్తుంటే ప్రాణం తేలికపడింది. ఇంటికెళ్లాక నాలుగు విషయాలు చదివి, ఆయనకి ఫోన్ చేసి రెండు ప్రశ్నలడిగాను. మైక్రోస్కోప్ కింద చేస్తారా? లోపలి ద్రవంలో వీర్యకణాలు కనిపించకపోతే ఏం చేస్తారు? మొదటిదానికి "కళ్లద్దాలకు తగిలించుకునే లెన్సులు చాలు" అన్నారు. రెండోదానికి "అప్పుడు చూద్దాం" అన్నారు. నెలన్నర జీతం ఎందుకు సరిపోతుందో నాకు ఆ రెండో జవాబుతో అర్థమైంది.

రెండో డాక్టర్ దగ్గర ఆ 'అప్పుడు చూద్దాం' ఏమిటో తెలిసింది. ఆయన ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. ఆ కాగితం ఇప్పటికీ మా ఫైల్లో ఉంది. వ్యాసెక్టమీ అయినా వృషణాలు పని ఆపవు. కణాలు తయారవుతూనే ఉంటాయి, బయటికి దారి లేక లోపలే కరిగి ఒంట్లో కలిసిపోతుంటాయి. వృషణం వెనక అంటుకుని ఎపిడిడిమిస్ అని ఒక సన్నటి గొట్టం ఉంటుంది. విప్పదీస్తే దాదాపు ఆరు మీటర్లు ఉంటుందట, చుట్టలు చుట్టుకుని వేలంత జాగాలో ఒదిగి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒత్తిడి పెరిగితే ఆ చుట్టల్లో ఎక్కడో ఒకచోట చిట్లి, అక్కడ రెండో అడ్డు పడుతుంది. అప్పుడు పైన కోసిన చోట ట్యూబును ఎంత అందంగా కలిపినా లాభం లేదు, ఎందుకంటే అసలు అడ్డు కింద ఉంది. ఆ అడ్డుకు వెనక భాగంలో, వెంట్రుకంత గొట్టానికి ట్యూబును నేరుగా అతకాలి. మామూలు కలపడాన్ని వాసోవాసోస్టమీ అంటారు, ఈ కష్టమైనదాన్ని వాసోఎపిడిడిమోస్టమీ అంటారు. ఏది చేయాలో ముందే గట్టిగా చెప్పలేరు. థియేటర్లో ట్యూబు కోసి, లోపలి నుంచి వచ్చే చుక్కని పక్కనున్న మామూలు మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి అప్పటికప్పుడు తేల్చుకోవాలి. రెండోది రాని సర్జన్ దగ్గర పడుకుంటే, రెండోది అవసరమైన రోజున మనకి దక్కేది మొదటిదే.

ఆయన చెప్పిన మొత్తం నా మూడు నెలల జీతం, అంటే మొదటాయన చెప్పినదానికి రెండింతలు. దేనికెంతో విడదీసి చెప్పమన్నాను. సర్జన్ ఫీజు సగానికి దగ్గరగా ఉంది. తర్వాత థియేటర్ అద్దె, అది గంటల లెక్క. మత్తు డాక్టర్, ఒక రోజు గది. చివర్లో కుట్టు దారానికి ఒక విడి లైను. దారానికి కూడానా అని నవ్వొచ్చింది. ట్యూబు లోపలి రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదని, ఆ దారం తల వెంట్రుక కంటే సన్నమని, మామూలు కంటికి సూది కొన కూడా ఆనదని ఆయన చెప్పాక నవ్వడం మానేశాను. బీమా వాళ్లని అడిగితే, ఇది కోరి చేయించుకునే ఆపరేషన్ కిందకి వస్తుంది, కాబట్టి రాదన్నారు. చాలా పాలసీల్లో ఇదే మాట ఉంటుంది. అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబులో కలిపే ఐవీఎఫ్ కూడా చాలావాటిలో అంతే.

గెలిచే అవకాశం ఎంత అని అడిగాను. 1991లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పారు. 1,469 మంది మగవాళ్ల లెక్క అది, ఈ రంగంలో ఇప్పటికీ అందరూ దాన్నే ముందు పెడతారట. వ్యాసెక్టమీ అయి మూడేళ్లు దాటని వాళ్లలో 97 శాతం మందికి వీర్యంలో కణాలు తిరిగొచ్చాయి, 76 శాతం మందికి గర్భం వచ్చింది. 3 నుంచి 8 ఏళ్లయితే 88, 53. 9 నుంచి 14 ఏళ్లయితే 79, 44. 15 ఏళ్లు దాటితే 71, 30. నాది పదేళ్లు, అంటే మూడో గుంపు. నేను 79 దగ్గర ఆగిపోయాను. నా భార్య 44 దగ్గర ఆగింది. "ఈ రెండు అంకెలకీ మధ్య ఇంత తేడా ఎందుకండీ?" అని అడిగింది. దారి తెరుచుకోవడం వేరు, బిడ్డ రావడం వేరని ఆయన అన్నారు. కణాలు తక్కువగా రావచ్చు, కదలిక లేకపోవచ్చు. వ్యాసెక్టమీ తర్వాత చాలామంది ఒంట్లో సొంత కణాల మీదే యాంటీబాడీలు తయారవుతాయి, అవి అడ్డుపడొచ్చు. ఇవన్నీ మగవాడి వైపు. తర్వాత ఆమె వైపు చూసి "మీ వయసు?" అన్నారు.

మూడోది సంతాన సాఫల్య కేంద్రం. అక్కడ మాతో మాట్లాడింది కౌన్సెలర్. రంగురంగుల ఫైలు, నవ్వు ముఖం. "రివర్సల్ ఎందుకండీ, టైం వేస్ట్" అని మొదలుపెట్టింది. ట్యూబు మళ్లీ కలపడాన్నే రివర్సల్ అంటారు. వృషణం నుంచో ఎపిడిడిమిస్ నుంచో సూదితో కణాలు తీసేస్తారు, ఆ చోటు వరకే మత్తు ఇస్తారు, పావుగంటలో అయిపోతుంది. ఆమెకి పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లిచ్చి అండాలు తీస్తారు. ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో పంపుతారు. దాన్నే ఇక్సీ అంటారు. ఇలా పుట్టిన పిల్లల గురించి మొదట 1992లో ప్రకటించారు, ఇప్పుడు ఇది మామూలు పనే. సూదితో తీసినవి కొద్దిగానే దొరుకుతాయి, పూర్తిగా పండినవి కూడా కావు. అందుకే వాటిని నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐకి వాడలేరు, ఇక్సీ ఒక్కటే దారి. ఒక సైకిల్, అంటే ఒక విడత చికిత్స, ప్యాకేజీ నాలుగున్నర నెలల జీతం. ఇంజెక్షన్లు అందులో కలవవు, అవి ఇంకో నెలన్నర. సైకిల్ తప్పితే మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

ఆమె మాట తీరు నాకు నచ్చలేదు. ఆ కేంద్రంలో రివర్సల్ చేసేవాళ్లు లేరు, కాబట్టి వాళ్లకది దండగే. ఎవరి అంగట్లో ఉన్న సరుకు వాళ్లు గొప్పగా చెబుతారు అనుకుంటూ బయటికొచ్చాను. మాటతీరు నచ్చకపోవడం వేరు, మాట తప్పు కావడం వేరు. ఈ సంగతి నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది.

మిగిలిన దారుల గురించీ మాట్లాడుకున్నాం. దాత వీర్యంతో ఐయూఐ చేయించుకుంటే డబ్బు పరంగా అన్నిటికన్నా చవక, ఆమె ఒంటికి శ్రమ కూడా తక్కువ. ఆమె సరేనంది కూడా. నేనే కొన్ని రోజులు నలిగి నలిగి వద్దన్నాను. అది న్యాయమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. దత్తత గురించి ఇద్దరం చాలాసేపు మాట్లాడాం. దానికి పట్టే కాలం వేరు, అది వేరే ప్రయాణం. తలుపు మూయలేదు, పక్కన పెట్టామంతే.

నిర్ణయం ఎలా తీసుకున్నామో కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే జరిగింది. నా భార్య అకౌంట్స్ మనిషి. పొడుగు పుస్తకం ఒకటి తీసి మధ్యలో గీత గీసి, ఎడమ పక్క రివర్సల్ అని, కుడి పక్క ఇక్సీ అని రాసింది. మూడు, ఆరు. రివర్సల్ ఒక్కసారి కట్టే డబ్బు, ఆ తర్వాత ప్రతి నెలా ఉచితంగా ఒక అవకాశం. ఇక్సీ ఒక్క అవకాశానికి ఆరు. పైగా అడ్డు ఉన్నది నా ఒంట్లో, సూదులు పడేది ఆమెకి. అది నాకు చాలా తప్పుగా తోచింది. "నా వల్ల వచ్చినదానికి నువ్వెందుకు పొడిపించుకోవాలి?" అన్నాను. త్యాగం చేస్తున్నట్టు గర్వంగా కూడా అనిపించింది. ఆమె పుస్తకం మూస్తూ, "సూదులంటే నాకేం భయం లేదండీ. ఎప్పుడు మొదలుపెడతాం అన్నదే నా భయం" అంది.

నేను ఆ మాట విన్నాను గానీ లెక్కలోకి తీసుకోలేదు. పుస్తకంలో దానికి గడి లేదు.

అడ్వాన్స్ కట్టేశాక ఆమెకి పరీక్షలు చేయించాం. ముందు చేయించాల్సింది. ఏఎంహెచ్ 1.3 వచ్చింది. అండాల నిల్వ ఎంత ఉందో సూచించే రక్తపరీక్ష ఇది, ఆ వయసుకి కూడా కాస్త తక్కువే అన్నారు. "రివర్సల్ చేయించుకోండి, తప్పులేదు. కానీ ఏడాది దాటి ఆగకండి" అని డాక్టర్ అన్నారు. మేం పదిహేడు నెలలు ఆగాం.

ఆపరేషన్ రోజు నేను చూసింది ఏమీ లేదు. మత్తు డాక్టర్ అంకెలు లెక్కపెట్టమన్నారు, ఆరు దాకా గుర్తుంది. కళ్లు తెరిచేసరికి గొంతు ఎండిపోయి, కాళ్ల మధ్య ఇటుక పెట్టినట్టు బరువు. ఏం జరిగిందో తర్వాత డిశ్చార్జి కాగితంలో చదువుకున్నాను. ఎడమ పక్క ద్రవం పల్చగా వచ్చింది. నిండు కణాలు లేవు గానీ తోకలు తెగిన తలలు కనిపించాయి. అది మంచి గుర్తే, కాబట్టి మామూలుగా కలిపారు. కుడి పక్క పేస్టులా చిక్కగా వచ్చింది, కణం అన్నదే లేదు. కిందికి వెళ్లి ఎపిడిడిమిస్‌కి అతికారు. అప్పుడే అక్కడ దొరికిన కణాలను రెండు గొట్టాల్లో ఫ్రీజ్ చేశారు. ముందురోజు సాయంత్రం ఒక ఫారం ఇచ్చి, కణాలు దొరికితే దాచమంటారా వద్దా అని అడిగారు. దాచడానికి ఒక ఫీజు, ఆపైన ఏటేటా అద్దె. అద్దె అన్న మాట వినగానే నేను వద్దనబోయాను. నా భార్యే టిక్కు పెట్టింది. ఈ కథలో డబ్బుకి తగ్గ ఫలం ఇచ్చిన టిక్కుల్లో అదొకటి అనుకుంటాను, తర్వాత దాని అవసరం రాకపోయినా సరే. రివర్సల్ విఫలమైతే మళ్లీ కణాల కోసం సూది గుచ్చే పని ఉండదన్న నిశ్చింతకి కట్టిన డబ్బు అది.

కోలుకోవడం నేను అనుకున్నంత సులువుగా లేదు. వ్యాసెక్టమీ అప్పుడు రెండో రోజుకే ఆఫీసుకెళ్లినవాణ్ని కదా, ఇదీ అంతే అనుకున్నాను. మొదటి రెండు రోజులు ఇరవై నిమిషాలకోసారి ఐస్ ప్యాక్. రంగు చూస్తే భయమేసింది, పండిన వంకాయలా ఉంది. ఫోన్ చేస్తే అది మామూలే అన్నారు. నాలుగు వారాలు పగలూ రాత్రీ బిగుతు సపోర్టర్, బకెట్ నీళ్లు కూడా ఎత్తకూడదు, భార్యాభర్తల మధ్య ఏమీ ఉండకూడదు. అతికిన చోటు లాగకుండా ఉండడానికే ఇదంతా. సెలవులు అయిపోయి తొమ్మిది రోజుల జీతం పోయింది. పొడుగు పుస్తకంలో ఎడమ పక్క కింద నా భార్య 'చిల్లర' అని ఒక శీర్షిక పెట్టింది. సపోర్టర్లు మూడు. పోయిన జీతం. ప్రయాణాలు. ఫ్రీజింగ్. మందులు. స్కాన్. ఆ చిల్లర చివరికి నా నెల జీతం అంత తేలింది.

ఇక నా వీర్యం పరీక్షల సంగతి. కొత్త కణం ఒకటి తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, అందుకే ఫలితం తొందరగా తేలదు. ఎపిడిడిమిస్‌కి అతికిన చోట కణాలు రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పట్టవచ్చన్నారు. మొదటి పరీక్ష ఆరో వారంలో జరిగింది. ఆ ల్యాబులో శాంపిల్ గది తలుపుకి గడియ సరిగ్గా పడదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఒక చేత్తో డబ్బా... ఇక వద్దులెండి. బయటికొచ్చి బల్ల మీద పెడితే, కుర్రాడు పదిమంది ముందు దాన్ని ఎత్తి పట్టుకుని "ఇదెవరిదండీ, టైం రాయలేదు" అన్నాడు. నాదే అన్నాను. సాయంత్రం రిపోర్టు వచ్చింది: సున్నా.

మూడో నెలలో మిల్లీలీటరుకు 12 లక్షలు, దాదాపు అన్నీ కదలకుండా ఉన్నవే. అయినా ఆ రోజు ఇంట్లో పండగలా ఉంది. ఆరో నెలలో 70 లక్షలు. తొమ్మిదో నెలలో కోటీ పది లక్షలు, కదలిక 28 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది హద్దు మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షలు, మొత్తం కదలిక 42 శాతం. ఇంకొంచెంలో అందుకుంటాం అనిపించేది. అదే ఈ చికిత్సలో ఉన్న పెద్ద మాయ. సున్నా వచ్చి ఉంటే మేం ఆరో నెలలోనే ఇక్సీకి వెళ్లేవాళ్లం. బాగా వచ్చి ఉంటే ఇబ్బందే లేదు. అటూ ఇటూ కాకుండా, ప్రతిసారీ కాస్త పెరుగుతూ వచ్చింది, ప్రతిసారీ ఇంకో మూడు నెలలు చూద్దాం అనిపించింది. ఆ మూడు నెలలు ఎవరి ఖాతాలోంచి పోతున్నాయో నేను చూడలేదు. తొమ్మిదో నెలలో డాక్టర్ వీర్యం కూడా కొంత ఫ్రీజ్ చేయించమన్నారు. అతికిన చోట తర్వాత మచ్చ కట్టి మళ్లీ మూసుకుపోవడం కొందరిలో జరుగుతుందట. చేయించాం, చిల్లరలో ఇంకో లైను.

పన్నెండో నెలలో కోటీ ముప్పై. పదిహేనో నెలలో అరవై లక్షలకి పడిపోయింది. నెల తర్వాత మళ్లీ చేయిస్తే యాభై.

ఆ రెండో రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు, నేను ఇంకోసారి ఆపరేషన్ చేసి సరిచేయొచ్చా అని అడగబోయాను. నా భార్య నా మోచేయి మీద చెయ్యి వేసి ఆపింది. "మాకు ఇక్సీకి రాసివ్వండి" అంది. ఆయన ఒక్కక్షణం నా వైపు చూసి, రాసిచ్చారు. బయట కారిడార్లో నిలబడి, "మీరు నా సూదులు తప్పించాలనుకున్నారు. తప్పలేదు. సూదులు అవే, నా వయసు మాత్రం పెరిగింది" అంది. గొంతు పెంచలేదు. నాకు జవాబు లేదు.

ఈసారి వేరే కేంద్రానికి వెళ్లాం. ఏఎంహెచ్ మళ్లీ చూస్తే 1.0. పది రోజులు పొట్ట మీద ఇంజెక్షన్లు, రోజూ ఒకే వేళకి. ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ పెన్నులకి ఒక అర పూర్తిగా ఖాళీ చేసింది. మొదటిరోజు నేను వేస్తానన్నాను, చెయ్యి వణికింది. "ఇటివ్వండి" అని తనే వేసుకుంది. చివరి మూడు రోజులు పొట్ట ఉబ్బి నడవడానికి ఇబ్బంది పడింది. అండాశయాలు మరీ ఎక్కువగా స్పందిస్తే ప్రమాదం, అందుకే రోజు మార్చి రోజు స్కాన్లు. అండాలు 7 వచ్చాయి. అందులో పండినవి 5. ఫలదీకరణం చెందినవి 4. ఐదో రోజుకి నిలిచినవి 2. రోజుకో ఫోన్ వచ్చేది, రోజుకో అంకె తగ్గేది. ఆ నాలుగైదు రోజుల టెన్షన్ నా ఆపరేషన్ రోజు కూడా పడలేదు. 36 ఏళ్లప్పుడే వచ్చి ఉంటే ఇంకో రెండు మూడు అండాలు వచ్చేవేమో అని నేను అడిగితే, అక్కడి డాక్టర్ సున్నితంగా "ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందండీ" అని వదిలేశారు. ముప్పై అయిదు దాటాక అండాల సంఖ్యతోపాటు నాణ్యత కూడా తగ్గుతూ పోతుందని, నలభై దగ్గరికి వచ్చేసరికి ఆ తగ్గడం వేగం అందుకుంటుందని ఆయన గోడ మీదున్న గ్రాఫే చెబుతోంది. ఆ గీత పక్కన మగవాడి వయసుకి గీత లేదు.

వాడింది నా తాజా వీర్యమే. ఇక్సీకి అయిదు కణాలుంటే చాలు, నాకు యాభై లక్షలున్నాయి. కాబట్టి మూడు నెలల జీతం పోసి చేయించుకున్న రివర్సల్ వల్ల ఆ రోజు మాకు మిగిలింది, సూదితో కణాలు తీసే ఫీజు. అది అర నెల జీతం.

మొదటి పిండం నిలవలేదు. రెండోదాన్ని ఫ్రీజ్ చేసి ఉంచారు. రెండు నెలలు ఆగి దాన్ని పెట్టారు. దీనికి ఇంజెక్షన్ల కోర్సు అంతా మళ్లీ ఉండదు కాబట్టి ఖర్చు నెల జీతం కూడా దాటలేదు.

ఇలాంటి నిర్ణయం ముందున్నవాళ్లు ఎవరైనా అడిగితే నేను రివర్సల్ వద్దని చెప్పను. నా స్నేహితుడి తమ్ముడికి వ్యాసెక్టమీ అయి నాలుగేళ్లు, భార్యకి 29. అతను అదే రెండో డాక్టర్ దగ్గర చేయించుకున్నాడు. రెండు పక్కలా మామూలుగా కలిపితే సరిపోయింది, ఎనిమిదో నెలలో కబురు చెప్పాడు. ఇద్దరు ముగ్గురు పిల్లలు కావాలనుకుంటే, ఆమె వయసు తక్కువైతే, వ్యాసెక్టమీ అయి మరీ ఏళ్లు కాకపోతే అదే చవక. ప్రతి బిడ్డకీ మళ్లీ కట్టక్కర్లేదు. ఆ తర్వాత మళ్లీ పిల్లలు వద్దనుకుంటే ఏదో ఒక పద్ధతి చూసుకోవాలి, అది వేరే సంగతి. నా సలహా అల్లా, మగవాడి ఆపరేషన్‌కి అడ్వాన్స్ కట్టే ముందు ఆడమనిషి పరీక్షలు పూర్తి చేయించమని. రక్తపరీక్ష ఒకటి, స్కాన్ ఒకటి. మాకు అయిన మొత్తం ఖర్చులో అవి రెండూ కలిపి నూటికి ఒక వంతు కూడా కావు. ఏది చవకో చెప్పగలిగినవి అవే, మేం వాటిని చివర చేయించాం. సర్జన్‌ని మాత్రం ఫీజు కంటే ముందు ఒకటి అడగండి: లోపల కణాలు కనిపించకపోతే ఆ క్షణంలో మీరు ఏం చేస్తారు? జవాబు తడుముకుంటే లేచి వచ్చేయండి.

మొత్తం ఎంతయిందో మొన్న పొడుగు పుస్తకం తీసి కూడాను. రివర్సల్ మూడు, దాని చిల్లర ఒకటి, ఇక్సీ ఇంజెక్షన్లతో కలిపి ఆరు, ఫ్రీజ్ చేసిన పిండం పెట్టడానికి ముప్పావు. పదకొండు నెలల జీతానికి కాస్త తక్కువ. మొదటే ఇక్సీకి వెళ్లి, ఇవే ఫలితాలు వచ్చి ఉంటే, సూదితో కణాలు తీసే ఫీజుతో కలిపి ఏడుంపావు అయ్యేది. ఎడమ పక్క లెక్కలు, కుడి పక్క లెక్కలు, నా రాత, ఆమె రాత అన్నీ కలిసిపోయి గీత ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

ఆఖరి పేజీలో అన్నీ ఆమె రాతే. 'పిండం పెట్టినది' అని తేదీ. దాని కింద పద్నాలుగో రోజు తేదీ వేసి, గర్భం తేల్చే రక్తపరీక్ష ఫలితం 'బీటా: పాజిటివ్' అని రాసి, రెండుసార్లు గీత గీసింది. ఆ కింది లైన్లోనే, ఏ హడావుడీ లేకుండా, 'ప్రొజెస్టరాన్ ఇంజెక్షన్లు, 10' అని రాసి, ఎదురుగా ధర వేసింది.